నరసాపురం లాంటి ఊళ్లో చరిత్ర ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: నరసాపురం డిగ్రీ కాలేజీకి ఈమధ్యే బదిలీ మీద వచ్చాను. నాది కామర్స్. పిల్లల కమ్యూనిటీ ప్రాజెక్టుకి "మన ఊరి చరిత్ర" అని టాపిక్ ఇచ్చాను. ఇక్కడ కోట లేదు, మ్యూజియం లేదు, చెప్పుకోదగ్గ పాత కట్టడమూ కనపడలేదు. నలభై మందిలో ముప్ఫై మంది అంతర్వేది గుడి గురించి, చిరంజీవి గారి గురించి నెట్‌లోంచి దింపి తెచ్చారు. ఇంకా రెండు నెలల టైముంది. ఎక్కడ మొదలుపెట్టించమంటారు?

జవాబు:

అమ్మా, పిల్లల్ని ఏమీ అనకండి. ఊరి చరిత్ర అనగానే రాజు, కోట, శాసనం అని మనమే వాళ్లకి నేర్పాం. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ డెల్టా కాలేజీల్లో చరిత్ర చెప్పాను. మొదటి పదేళ్లూ నేనూ అదే పని చేశాను. పిల్లల్ని బస్సెక్కించి ద్రాక్షారామం తీసుకెళ్లడం, ఫొటో దిగడం, పులిహోర తినడం, తిరిగి రావడం. కాలేజీ గేటుకి నాలుగు ఫర్లాంగుల్లో ఏముందో మాత్రం ఒక్కసారీ చూపించలేదు.

మన దగ్గర పాత కట్టడాలు ఎందుకు లేవో ముందు వాళ్లకి చెప్పండి. లేకపోతే "మా ఊరికి చరిత్ర లేదు సార్" అనేస్తారు. ఇది ఒండ్రు నేల. ఎంత తవ్వినా రాయి తగలదు. ఇల్లు కట్టాలంటే మట్టి, ఇటుక, తాటిదూలం, పైన తాటాకో పెంకో. వాటిని ఒక తుపాను లేపేస్తే, ఒక ఎండాకాలం కాల్చేస్తే, మిగిలినవి చెదలు తినేస్తాయి. దానికి తోడు గోదారి ఒకపక్క గట్టు కోసుకుంటూ ఇంకోపక్క లంక వేసుకుంటూ పోతుంది. రాయి దూరం నుంచి తెప్పించి కట్టినవి గుళ్లు మాత్రమే, అందుకే శాసనాలు గుళ్లలోనే మిగిలాయి. పాలకొల్లు క్షీరారామం అలా మిగిలిందే. మిగతా చరిత్రంతా ఇక్కడ పేర్లలోనూ, కాగితాల్లోనూ, నేల ఎత్తుపల్లాల్లోనూ ఉంటుంది. పిల్లల చేత వెతికించాల్సింది వాటిని.

మొదటి రోజు రేవులకి పంపండి.

మీ ఊళ్లో వలందర రేవు ఉంది. పుష్కరాలకి జనం మునకలేసే ఘాటు. ఆ పేరు ఎందుకొచ్చిందో క్లాసులో అడిగి చూడండి, ఒక్కరూ చెప్పరు. మన పాత తెలుగులో పోర్చుగీసువాళ్లు బుడతకీచులు, ఫ్రెంచివాళ్లు పరాసులు, హాలెండు నుంచి వచ్చిన డచ్చివాళ్లు ఒలందులు, వలందావాళ్లు. మచిలీపట్నంలో వలందపాలెం ఉంది కదా, అదీ ఇదీ ఒకే వాడుక. డచ్చి కంపెనీ 1605లో మచిలీపట్నంలో దుకాణం తెరిచింది. కొద్ది ఏళ్లలోనే గోదావరి పాయల మీదికి వచ్చి పాలకొల్లులో, నరసాపురంలో పాతుకుంది. పాలకొల్లులో బట్టలు కొని అద్దకం వేయించేవాళ్లు. నరసాపురంలో ఓడలు కట్టించేవాళ్లు, పాడైనవాటికి మరమ్మతులు చేయించేవాళ్లు. 1670లలో ఈ తీరం తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు నరసాపురం ఓడల పని గురించి ప్రత్యేకంగా రాసుకున్నాడు. పైనుంచి గోదారి మీద తెప్పలుగా దిగివచ్చే కలప, ఇనప పని తెలిసిన కమ్మర్లు, చేయి తిరిగిన వడ్రంగులు, పోటుకి ఓడ పైకి రాగలిగినంత లోతున్న పాయ. ఓడల పనికి కావలసిన సరంజామా ఇది. ఈ నాలుగూ ఒకచోట కుదిరిన ఊరు కాబట్టే వాళ్లు ఇక్కడికి వచ్చారు.

ఇక్కడొక జాగ్రత్త. "వలందర అంటే హాలెండర్" అని ఎవరో చెప్పగానే పిల్లలు రాసేసుకుంటారు. పేరు కలిసింది కదా అని నమ్మేస్తే చరిత్ర కాదు. నేనైతే మూడు ప్రశ్నలు వేయిస్తాను. ఆ మాట ఆ అర్థంలో ఆ కాలపు తెలుగులో ఉందా? ఆ జనం నిజంగా ఆ ఊళ్లో ఉన్నారని వేరే ఆధారం ఉందా? చుట్టుపక్కల ఇంకోచోట అదే మాట అదే పద్ధతిలో వాడారా? వలందర రేవు మూడింటికీ నిలబడుతుంది. దీన్ని నమూనాగా ఇచ్చి, ఆ తర్వాత రుస్తుంబాద అనే ఊరి పేరుని వాళ్లకే వదిలేయండి. చివర "బాద్" అని వినపడుతోంది కాబట్టి పార్శీ వాసన ఉందని తెలుస్తూనే ఉంది. 1730లలో రాజమండ్రి సర్కారుని ఏలి జమీందార్లని గడగడలాడించిన రుస్తుం ఖాన్ అనే నవాబు ఉద్యోగి ఒకడున్నాడు. ఆ ఊరికి ఇతని పేరే పెట్టారా, లేక పేర్లు కాకతాళీయంగా కలిశాయా? ఆధారం దొరికేదాకా "కావచ్చు" అని రాయమనండి. "కావచ్చు" అని రాయడానికి పిల్లలకి మహా ఇబ్బంది. మార్కులు తగ్గుతాయని వాళ్ల భయం. తగ్గవని మీరు ముందే చెప్పండి.

అసలు పెద్ద కథ మాధవాయిపాలెంది. రోజూ ఏటికి అవతల సఖినేటిపల్లి వెళ్లే పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కే రేవు. మోటార్‌సైకిళ్లు, కొబ్బరికాయల వ్యాన్లు, పెళ్లిబృందాలు, అందరూ అక్కడే క్యూలో నిలబడతారు. ఆ ఊరి పేరే ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి "మాడపొల్లం" అయింది. ఈస్టిండియా కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే మిషన్లూ పొగగొట్టాలూ కాదు, కంపెనీ గుమస్తాలుండే కొట్టు, గోదాము. ఇది పిల్లలకి తప్పకుండా చెప్పాలి, లేకపోతే చిమ్నీ బొమ్మ వేసుకొస్తారు. చుట్టుపక్కల నేతగాళ్లకి ముందే అడ్వాన్సు ఇచ్చి, నేసిన తెల్లబట్ట తీసుకుని, మూట కట్టి ఓడెక్కించేవాళ్లు. ఈ డెల్టాలో కంపెనీ బట్టల ఏజెన్సీలు మూడు: మాడపొల్లం, బండమూర్లంక, యానాం దగ్గర ఇంజరం. మనది 19వ శతాబ్దంలోకీ నడిచింది. 1833లో లండన్ పార్లమెంటు చట్టం చేసి కంపెనీ చేత వ్యాపారం మాన్పించేసింది, ఆ నాటికి దుకాణం కట్టేశారు.

మూతపడ్డది దుకాణమే, పేరు మాత్రం పోలేదు. మస్లిన్‌కీ కాలికోకీ మధ్యరకం మెత్తటి తెల్లబట్టకి ఐరోపాలో "మాడపొల్లం" అన్న పేరు స్థిరపడిపోయింది. ఇంగ్లీషు, ఫ్రెంచి నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. విచిత్రం ఏమిటంటే, 19వ శతాబ్దం చివరికి ఇంగ్లండు మిల్లుల్లో నేసిన బట్ట అదే పేరుతో మన దేశానికి దిగుమతయ్యేది. మా నేతపేట ముసలివాళ్లు మిల్లుబట్ట వచ్చి మగ్గం పోయిందంటుంటే వినేవాణ్ణి. మగ్గంతో పాటు ఊరి పేరు కూడా మనకే తిరిగి అమ్మారని నాకు నలభై ఏళ్లు దాటాక గానీ తెలియలేదు. మీది కామర్స్ కదా, ఇది మీరే బాగా చెప్పగలరు. అడ్వాన్సు ఇచ్చి సరుకు కట్టడి చేయడం, నాణ్యత బాగోలేదని బట్ట వెనక్కి కొట్టడం, ధర ఎవరు నిర్ణయించారన్నది. పిల్లలకి ఒక పూట క్లాసుకి సరిపోతుంది.

తర్వాత లైబ్రరీకి పంపేముందు ఒక గుంట ఉంది, చూసుకోండి. నేను అందులో పడి ఆరు నెలలు పోగొట్టుకున్నాను.

గోదావరి జిల్లా గెజిటీర్ అని హెమింగ్వే అనే ఐసీఎస్ అధికారి రాసింది 1907లో అచ్చయింది. చరిత్ర మేష్టర్లు ఎవర్నడిగినా ముందు దాని పేరే చెప్తారు. నేనూ సంపాదించి, నరసాపురం తాలూకా కోసం మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతికాను. తాలూకాల వరసలో అది లేనే లేదు. మనకి దొరికిన కాపీలో పేజీలు చిరిగిపోయాయేమోనని ఇంకో కాపీ కోసం రాజమండ్రి పరిగెత్తాను. అందులోనూ లేదు. చివరికి ముందుమాటలు నిదానంగా చదివితే తెలిసింది. 1904లో నరసాపురం, భీమవరం, తణుకు, ఏలూరు వైపు తాలూకాలని గోదావరి జిల్లాలోంచి తీసి కృష్ణా జిల్లాలో కలిపేశారు. నగరం లంక ఒక్కటి మాత్రం గోదావరికే ఉంచారు. అంటే 1907 పుస్తకం నాటికి మన ఊరు ఆ జిల్లాలో లేదు. మీకు కావలసింది హెన్రీ మోరిస్ 1878లో రాసిన గోదావరి జిల్లా వివరణ. అప్పటికి నరసాపురం గోదావరిలోనే ఉంది. రెండూ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి.

కాబట్టి పిల్లల చేత నోటుబుక్ మొదటి పేజీలో ఇది రాయించండి: 1859కి ముందు రాజమండ్రి జిల్లా, 1859 నుంచి గోదావరి, 1904 నుంచి కృష్ణా, 1925 నుంచి పశ్చిమ గోదావరి, ఏలూరు హెడ్‌క్వార్టరు. 2022 ఏప్రిల్ నుంచి కూడా పశ్చిమ గోదావరే, కాకపోతే హెడ్‌క్వార్టరు భీమవరం. ఏ సంవత్సరం కాగితం కావాలో దాన్ని బట్టి ఏ జిల్లా పేరు కింద వెతకాలో మారిపోతుంది. ఊరు కదల్లేదు, జిల్లాలే దాని మీదుగా అటూ ఇటూ తిరిగాయి.

ఇక పెద్ద పుస్తకాలకంటే నాకు బాగా పనికొచ్చిన కాగితం ఒకటి చెప్తాను. ప్రతి ఇంట్లో ఇనప్పెట్టెలోనో, బీరువా అడుగునో ఉంటుంది: పాత దస్తావేజు. దాన్ని అందరూ సర్వే నెంబరు కోసం, విస్తీర్ణం కోసం చూస్తారు. మీరు హద్దులు చూడమనండి. మా తాతగారు ఏటిగట్టు పక్కన పదకొండు సెంట్ల దొడ్డి కొన్నారు. దాని దస్తావేజు నా దగ్గరుంది. అరిగిపోయిన స్టాంపు కాగితం, చాక్లెట్ రంగుకి తిరిగిన సిరా. చెక్కుబందీ ఇలా ఉంది: "తూర్పు, గట్టు దిగువ పుంత. దక్షిణం, కలప అడితి. పడమర, బట్టలు ఆరవేయు మెరక. ఉత్తరం, పడవల రేవునకు పోవు బాట." నాలుగే నాలుగు ముక్కలు. ఇప్పుడు అక్కడికి వెళ్తే తూర్పున సిమెంటు రోడ్డు, దక్షిణాన సెల్‌ఫోన్ షాపు, పడమర అపార్టుమెంటు, ఉత్తరాన డ్రైనేజీ. కలప అడితి ఉందంటే కలప దిగేది. మెరక మీద బట్టలు ఆరేశారంటే చాకళ్లో అద్దకంవాళ్లో దగ్గర్లో ఉండేవాళ్లు. పడవల రేవుకి ప్రత్యేకంగా బాట ఉందంటే రోడ్డుకంటే కాలువే ముఖ్యం. ఏ చరిత్రకారుడూ ఆ దొడ్డి గురించి రాయడు. ఆ దస్తావేజు రాసిన లేఖరికి తను చరిత్ర రాస్తున్నానని తెలియదు. అందుకే అబద్ధం ఆడలేదు.

నలభై మంది పిల్లలు తలా రెండు దస్తావేజుల హద్దులు తెస్తే ఎనభై. వాటిని టౌను మ్యాపు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. ఒక వీధిలో అడితిలు, ఒక వీధిలో నేతపాకలు, ఒకచోట ఉప్పు కొట్లు, ఇలా ఏదో ఒక ఆకారం రావడం మొదలవుతుంది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి తెచ్చిన కాగితం వల్ల ఎక్కడో పూడిపోయిన బోదె, అంటే చిన్న కాలువ, ఒకటి బయటపడింది. వానాకాలం ఆ వీధిలోనే మోకాళ్లలోతు నీళ్లు ఎందుకు నిలుస్తాయో అప్పుడర్థమైంది.

దస్తావేజుల విషయంలో మాత్రం నియమం పెట్టండి. పేర్లు, కులాలు, సొమ్ము రాసుకోకూడదు. హద్దులు, సంవత్సరం చాలు. ఫొటో అసలే తీయకూడదు. ఊళ్లో సగం ఇళ్లకి స్థలం తగాదాలుంటాయి. "కాలేజీ నుంచి వచ్చి కాగితాలు ఫొటో తీసుకెళ్లారు" అన్న మాట ఒక్కటి పుడితే మీ ప్రాజెక్టు ఆరోజుతో సరి. మాకు ఒకసారి అలాగే అయింది. ఒకాయన కర్ర పట్టుకుని స్టాఫ్‌రూముకే వచ్చాడు. టీ ఇచ్చి కూర్చోబెట్టి పంపేసరికి సాయంత్రమైంది.

రెవెన్యూ ఆఫీసులో డైగ్లాట్లు (రెండు భాషల్లో ఉండే పాత భూమి రిజిస్టర్లు), పాత అడంగళ్లు చూపించమని అడగవచ్చు. దొరికితే అదృష్టం. 1984లో కరణాల వ్యవస్థ పోయినప్పుడు చాలా ఊళ్లలో ఆ కట్టలు చేతులు మారాయి, కొన్ని చెదల పాలయ్యాయి. నేనొక ఆఫీసులో అడిగితే "అవన్నీ చిత్తుకాగితాల కింద వేసేశాం మేష్టారూ" అని నవ్వుతూ చెప్పారు. ఆ కట్టలు కొన్న కొట్టతనికి అప్పటికే బజ్జీల పొట్లాలకి అయిపోయాయి. అక్కడ ఎక్కువ టైము పెట్టకండి.

మీ కాలేజీ సంగతికొద్దాం. మీ ఊళ్లో వై.ఎన్. కాలేజీ 1949లో పెట్టారు. భీమవరంలో డి.ఎన్.ఆర్. కాలేజీ 1945 నాటిది. స్వాతంత్ర్యానికి అటూ ఇటూ డెల్టా ఊళ్లకి వరసగా డిగ్రీ చదువు వచ్చింది. దానికి ముందు ఈ పిల్లలు రాజమండ్రో, కాకినాడో, బందరో వెళ్లాలి. ఊళ్లోనే కాలేజీ పెట్టడానికి డబ్బు ఎక్కడిది, భూములు ఎవరిచ్చారు, ఆ ఏడు ఎంతమంది చేరారు, అమ్మాయిలెందరు? ఇదంతా అడ్మిషన్ రిజిస్టర్లలో, పాత కాలేజీ మ్యాగజైన్లలో ఉంటుంది. ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకుని మొదటి పదేళ్ల రిజిస్టర్లలో ఒక్క "స్వగ్రామం" గడి మాత్రం లెక్క కట్టించండి. ఏటికి అవతలి వైపు నుంచి, సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు నుంచి ఎంతమంది రోజూ పడవ దాటి వచ్చేవాళ్లో తేలుతుంది. కాలేజీకీ రేవుకీ ఉన్న చుట్టరికం అక్కడ కనిపిస్తుంది. చిరంజీవి గారు ఇక్కడ కామర్స్ చదివారన్నది నిజమే, రాసుకోనివ్వండి. కాకపోతే అది రెండో పేజీలో.

నిజానికి చదువు విషయంలో నరసాపురం చరిత్ర కాలేజీకంటే ఇంకో వందేళ్లు వెనక్కి వెళ్తుంది. దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధ. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. దాదాపు అదే సమయంలో జి.ఎన్. టేలర్ అనే సబ్‌కలెక్టరు నరసాపురంలో ఒక బడి పెట్టించాడు. మీ టేలర్ హైస్కూలు పేరులో ఉన్నది ఆయనే. 1854 నాటికి పాలకొల్లు, పెనుగొండ, ఆచంటల్లోనూ బడులు లేచాయి. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో రైతులు శిస్తుతో పాటు బడి కోసం కొంత అదనంగా కట్టేలా ఏర్పాటు చేశారు. వీటినే రేట్ స్కూళ్లన్నారు. మద్రాసు ప్రభుత్వం దీన్ని చూసే 1863లో విద్యా చట్టం చేసింది. అంటే స్థానికంగా పన్ను వేసి బడి నడపడం అన్న ఆలోచనకి మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రయోగశాల మన వైపు ఊళ్లే.

రిపోర్టుల్లో "రైతులే స్వచ్ఛందంగా ముందుకొచ్చారు" అని ఉంటుంది. ఇది చదివి మురిసిపోకుండా పిల్లల చేత అడిగించండి. తాసీల్దారు కూర్చుని సంతకం పెట్టమంటే 1850లలో ఏ రైతు కాదనగలడు? అసలు ఆ బడుల్లో ఎవరి పిల్లలు చదివారు? పన్ను పొలం ఉన్నవాళ్లందరూ కట్టారు కదా, బడిలో మాలపేట పిల్లాడికి చాప వేశారా? ఇలా ఎదురు ప్రశ్న వేయడం వస్తే మిగతా ప్రాజెక్టు ఎలా ఉన్నా ఫరవాలేదు.

ఇక్కడే మిషన్ల సంగతి కూడా వస్తుంది. 1836లో ఇంగ్లండులోని డెవన్ నుంచి బౌడెన్, బీర్ అనే రెండు కుటుంబాలవాళ్లు వచ్చి పాలకొల్లు, నరసాపురాల్లో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అంటారు. చర్చి రికార్డుల్లో పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, చావులు తేదీలతో సహా ఉంటాయి. తేదీలతో ఉండటం మన వైపు అరుదు. పాస్టరు గారిని మర్యాదగా అడగండి, చాలామంది సంతోషంగా చూపిస్తారు.

లేసు గురించి పిల్లలు తప్పకుండా రాస్తారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేపర్లన్నీ రాశాయి. మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో వచ్చిన పని ఇది. కానీ ఆ పని చేసే ఇంటికి వెళ్లకుండా రాయకూడదని షరతు పెట్టండి. నేను ఒకసారి పిల్లలతో వెళ్లాను. మధ్యాహ్నం రెండు గంటలు, వరండాలో నలుగురు ఆడవాళ్లు కాళ్లు చాపుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఒళ్లో తెల్లదారం ఉండ, చేతిలో సూది, కళ్లు మాత్రం మా మీదే. చేతి వైపు చూడటం లేదు, వేళ్లు వాటంతటవే లెక్కపెట్టుకుంటున్నాయి. పెద్దావిడ ఒక పాత దిండుగలీబు తెచ్చి చూపించింది. దాని నిండా చిన్న చిన్న లేసు ముక్కలు వరసగా కుట్టి ఉన్నాయి. ఏజెంటు ఒక్కో కొత్త డిజైన్ ఇచ్చినప్పుడల్లా ఆవిడ తన కోసం ఒక ముక్క అల్లి దాచుకుంది. వాళ్లమ్మ దాచిన ముక్కలు కూడా అందులోనే. "ఇది మా అమ్మది, ఇది నా పెళ్లయిన ఏడుది, ఇది వరదల ఏడుది" అని వేలు పెట్టి చూపిస్తుంటే నా వెనకున్న పిల్లలు నోట్సు రాయడం మర్చిపోయారు. అంత మంచి ఆర్కైవు నేను ఇంకెక్కడా చూడలేదు.

మేం వచ్చేటప్పుడు ఒక అబ్బాయి అడిగాడు, "మీరేం పని చేస్తారండీ?" అని. ఆవిడ "పనేం లేదు బాబూ, ఇంట్లోనే ఉంటాను" అంది. చేతిలో సూది ఆగలేదు. 1982లో మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు ఆడవాళ్ల మీద రాసిన పుస్తకం సారాంశమంతా దాదాపు ఆ ఒక్క జవాబులో ఉంది. ప్రపంచ మార్కెట్టుకి అల్లుతున్నా, ఇంట్లో కూర్చుని చేస్తారు కాబట్టి దాన్ని పనిగా ఎవరూ లెక్కించరు, అందుకే కూలీ అంత తక్కువ. దారం ఎంత, గంటలెన్ని, చేతికొచ్చిందెంత, ఈ మూడూ పిల్లల చేత లెక్క కట్టించండి. ఇదీ కామర్సే కదా.

పెద్దవాళ్లని అడగడం గురించి ఒక్క మాట. "పూర్వం ఎలా ఉండేదండీ?" అని అడిగితే "అబ్బో, ఆ రోజులే వేరు" అంటారు, అంతే. చిన్న ప్రశ్నలడగాలి. "మామ్మగారూ, మీరు కాపరానికి పడవలో వచ్చారా, బస్సులోనా?" "లాకుల దగ్గర ఎంతసేపు ఆపేవాళ్లు?" "పంటు రాకముందు ఆవుని ఏరు ఎలా దాటించేవాళ్లు?" ఇలా అడిగితే గంటసేపు చెప్తారు. సంవత్సరం అడగొద్దు, ఎవరికీ గుర్తుండదు. వాళ్ల గుర్తులు వేరే ఉంటాయి. నయాపైసలు వచ్చిన ఏడు అంటే 1957. కరణాలు పోయిన ఏడు 1984. పెద్ద వరద 1986 ఆగస్టు. కోనసీమ తుపాను 1996 నవంబరు. గోదారి పుష్కరాలు 1979, 1991, 2003, 2015. వీటితో ఒక చార్టు చేసి ప్రతి పిల్లాడి జేబులో పెట్టండి. "మా పెద్దాడు పుష్కరాలకి చంకలో ఉన్నాడు" అంటే మనకి తేదీ దొరికినట్టే. లంక గ్రామాల్లో అయితే 86 వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించేవాళ్లు ఇంకా ఉన్నారు. టేపు తీసుకెళ్లి నేల నుంచి ఆ ఎత్తు కొలిపించండి.

పాలకొల్లు పది కిలోమీటర్లు. ఒక ఆదివారం వెళ్లిరండి. డచ్చివాళ్ల సమాధులున్న చోటు అడిగి తెలుసుకుని చూడండి. రాళ్లు అరిగిపోయి చదవడం కష్టమైతే, మద్రాసు ప్రెసిడెన్సీ సమాధి రాళ్ల మీది రాతలన్నీ జె.జె. కాటన్ అనే ఆయన 1905లో జాబితా వేశాడు, అదీ నెట్‌లో ఉంది. డచ్చి కంపెనీ గీయించిన పాత పటాలు హాలెండు ఆర్కైవుల వెబ్‌సైట్లలో ఉచితంగా చూడొచ్చు. భాష రాకపోయినా పటం చూడటానికి భాషతో పనేముంది. పాత పత్రికలకి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం. కృష్ణా పత్రిక 1902 నుంచి, ఆంధ్రపత్రిక 1908 నుంచి. 1929 ఏప్రిల్, మే నెలల్లో గాంధీ గారు ఖద్దరు నిధి కోసం ఆంధ్రలో తిరిగారు. ఆ వారాల సంచికలు తిరగేస్తే మన ఊళ్ల పేర్లు, ఇచ్చిన విరాళాలు కనిపిస్తాయి. తెలుగు మీడియం పిల్లలకి ఈ పని అప్పగించండి, ఇంగ్లీషు పుస్తకాల దగ్గర వెనకబడ్డవాళ్లు ఇక్కడ ముందుంటారు.

సముద్రం వైపు ఆసక్తి ఉన్న పిల్లలుంటే ఊళ్ల పేర్లే పట్టుకోమనండి. వేములదీవి, బియ్యపుతిప్ప, పెదమైనవానిలంక, దర్భరేవు. దీవి, తిప్ప, లంక, రేవు. ఇప్పుడు కొన్నింటి చుట్టూ చేపల చెరువులూ వరిచేలూ తప్ప నీళ్లు కనపడవు. పెదమైనవానిలంకలో మాత్రం సముద్రమే ఊళ్లోకి వస్తోంది. ఫోన్‌లో శాటిలైటు మ్యాపు, పక్కన అమెరికా సైన్యం 1950లలో అచ్చు వేసిన ఉచిత పటం పెట్టుకుని తీరం గీత పోల్చి చూస్తే చాలు.

మీకున్నది రెండు నెలలు కాబట్టి పైవన్నీ చేయించకండి. నన్నడిగితే రేవులు, దస్తావేజు హద్దులు, లేసు ఈ మూడే. మిగతావి వచ్చే ఏడాది బ్యాచ్‌కి దాచుకోండి. రేవులు మాత్రం ఆలస్యం చేయొద్దు. 2027లో పుష్కరాలున్నాయి. ఘాట్లకి కొత్త టైల్సు, సిమెంటు మెట్లు, రంగులు పడతాయి. పాత మెట్లు ఎన్ని ఉన్నాయి, ఎంత వెడల్పు, ఏ ఇటుక, పక్కన ఏ చెట్టు, ఎవరి పేరుతో పిలుస్తారు, ఇవన్నీ ఆ పని మొదలవకముందే ఫొటోలతో సహా రాయించేయండి. ఇటుక కొలత తప్పనిసరి, పొడవు వెడల్పు మందం మూడూ.

పాటు టైము, అంటే పోటు తీసి నీళ్లు తగ్గే వేళ, చూసుకుని వెళ్లండి, అప్పుడైతే గట్టువార అడుగు మెట్లు కూడా బయటపడతాయి. టైము పంటు నడిపేవాళ్లని అడిగితే క్యాలెండర్ కంటే కరెక్టుగా చెప్తారు. ఆ పంటు మీదే అవతలికి దాటి, సఖినేటిపల్లి గట్టు మీద నిలబడి ఊరిని ఒక్కసారి ఇటు తిరిగి చూడమనండి పిల్లల్ని. వలందావాళ్ల ఓడ లోపలికి వస్తున్నప్పుడు ఊరు కనిపించింది ఆ నీటి వైపు నుంచే. బురద ఉంటుంది, చెప్పులు చేతిలో పట్టుకోమని చెప్పండి.